చార్లీ వాట్స్ గురించి: "అది ఎవడైనా వాయిస్తాడు" అనేవాడికి ఏ పాట వినిపించాలి?

ప్రశ్న (బ్రష్‌స్టిక్)

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ అంటే పడిచచ్చేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. నేను డ్రమ్స్ నేర్చుకుంటున్నాను. మా బ్యాండ్‌లో గిటార్ వాయించే ఫ్రెండుకీ నాకూ ఎప్పుడూ ఒకటే వాదన. స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ పేరెత్తితే చాలు, "ఆయనదేముంది, కాస్త నేర్చుకున్నవాడు ఎవడైనా వాయిస్తాడు" అంటాడు. వాడి దృష్టిలో డ్రమ్మర్లంటే జాన్ బోనమ్, కీత్ మూన్, నీల్ పియర్ట్. వాళ్లంటే నాకూ ప్రాణమే. కానీ చార్లీ వాయించిన పాట పెడితే నా కాలు దానంతటదే ఆడుతుంది. పాట అయిపోయినా ఆ బీట్ ఒంట్లోంచి పోదు.

ఈమధ్య స్టోన్స్ పాట "హాంకీ టాంక్ విమెన్" ప్రాక్టీసు చేశాం. చూస్తే అందులో కష్టమైనదేమీ లేదు. క్లిక్‌కి (వేగం తప్పకుండా మెషీన్ కొట్టే టిక్ టిక్‌కి) వెంట్రుకవాసి అటూ ఇటూ పోకుండా వాయించాను. తీరా రికార్డింగ్ వింటే చప్పగా ఉంది. అన్ని దెబ్బలూ పడాల్సిన చోటే పడ్డాయి, పాట మాత్రం కదల్లేదు.

నేను అడిగేది రెండు సంగతులు. ఆయన చేతుల్లో అసలు ఏం జరుగుతోంది? మావాడికి ఒకే ఒక్క పాట వినిపించాలంటే ఏది పెట్టమంటారు?

జవాబు (రిమ్‌షాట్)

పాట తర్వాత. ముందు మీ ఫ్రెండుని కూర్చోబెట్టి, సౌండ్ ఆపేసి ఒక కచేరీ వీడియో చూపించండి. 1980ల తర్వాతిది ఏదైనా సరే, చార్లీ కుడి చెయ్యి కనిపిస్తే చాలు.

మామూలు రాక్ బీట్‌లో కుడి చేత్తో హైహ్యాట్ (ఒకదాని మీద ఒకటి ఉండే జంట తాళాలు) మీద బార్‌కి (నాలుగు లెక్కల ఒక చుట్టుకి) ఎనిమిది దెబ్బలు వేస్తాం. రెండో లెక్కకీ నాలుగో లెక్కకీ ఎడమ చెయ్యి స్నేర్ (ముందుండే, పదునుగా మోగే డ్రమ్) మీద పడుతుంది. అప్పుడు కూడా కుడి చెయ్యి ఆగదు, రెండూ కలిసే మోగుతాయి. చార్లీ అలా చెయ్యడు. స్నేర్ కొట్టే క్షణానికి ఆయన కుడి చెయ్యి హైహ్యాట్ మీంచి పైకి లేచిపోతుంది. ఎనిమిదిలో రెండు వదిలేసి ఆరే కొడతాడు. సౌండ్ లేకుండా చూస్తే ఆ చెయ్యి లేవడం, దిగడం ఎంత నింపాదిగా ఉంటుందో తెలుస్తుంది.

దీనివల్ల స్నేర్ మీద ఇంకే శబ్దమూ పడదు. ఆ దెబ్బ శుభ్రంగా, విడిగా, ఎవరో తలుపు తట్టినట్టు వినిపిస్తుంది. పైగా చెయ్యి లేచి మళ్లీ దిగే లోపల బీట్‌కి కాస్త ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుంది. నేను దీన్ని వంటబట్టించుకోవడానికి చాలాకాలం కుస్తీ పట్టాను. చెయ్యి లేపడం వరకు ఎవరికైనా వచ్చేస్తుంది. లేపిన చేతిని తొందరపడకుండా దింపడమే కష్టం.

ఇక మీరు క్లిక్‌కి అతుక్కుని వాయించానన్నారు చూడండి, అసలు చిక్కు అక్కడే ఉంది. చాలా బ్యాండ్లలో అందరూ డ్రమ్మర్ వెనక నడుస్తారు. స్టోన్స్‌లో అలా కాదు. ముందు నడిచేది కీత్ రిచర్డ్స్ గిటార్. చార్లీ కీత్‌ని వింటూ వాయిస్తాడు. అందుకే గిటార్ కంటే డ్రమ్స్ ఒక్క పిసరు వెనగ్గా పడతాయి. వాళ్ల పాత బేస్ గిటార్ ప్లేయర్ బిల్ వైమన్ కూడా స్టోన్స్ సౌండ్‌కి ఇదే కారణమని చెప్పేవాడు. మీరు క్లిక్‌ని విన్నారు, చార్లీ మనిషిని విన్నాడు.

"హాంకీ టాంక్ విమెన్" 1969లో వచ్చింది. మొదట వినిపించే కౌబెల్ (కర్రతో కొట్టే లోహపు గంట) చార్లీది కాదు, ప్రొడ్యూసర్ జిమ్మీ మిల్లర్ వాయించాడు. దాని మీదికి చార్లీ దిగే తీరులోనే ఒక వంకర ఉంది. రెండూ అచ్చంగా అతకవు, ఆ అతకకపోవడమే నాకిష్టం. చరణాల్లో బేస్ గిటార్ ఉండదు, కోరస్‌కి గానీ రాదు. అంటే అంతదాకా కింద నేల పరిచేది డ్రమ్స్ ఒక్కటే. మొదటి అర నిమిషం విని, వెంటనే చివరి అర నిమిషానికి వెళ్లండి. వేగం పెరిగిందని ఇట్టే తెలిసిపోతుంది. క్లిక్ పెట్టుకుని వాయిస్తే ఆ పెరగడం రాదు కదా. ఈసారి మీ ఫ్రెండుని చరణం మొత్తం ఒంటరిగా గిటార్ వాయించమనండి. మీరు డ్రమ్స్ ముట్టుకోకుండా వినండి. వాడు ఎక్కడ లాగుతున్నాడో, ఎక్కడ తోస్తున్నాడో పట్టుకున్నాకే వాయించండి.

మీరడిగిన ఒక్క పాట: "బీస్ట్ ఆఫ్ బర్డెన్", 1978. మీవాడు గిటారిస్టు కాబట్టే ఇది చెబుతున్నాను. కీత్, రానీ వుడ్ గిటార్లు రెండూ ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోతూ ఉంటాయి. ఎవరు ఏది వాయిస్తున్నారో విడదీయడం కష్టం. డ్రమ్మర్ అక్కడ ఫిల్స్ (బీట్ మధ్యలో వేసే అలంకారపు దెబ్బలు) కుమ్మరించి ఉంటే ఆ అల్లిక మొత్తం మునిగిపోయేది. ఇంత చోటిచ్చే డ్రమ్మర్ తనకి కావాలో వద్దో మీవాణ్ణే అడగండి.

జవాబు (పాతఎల్పీ)

పై జవాబు చాలా బాగుంది. నేను ఇంకొంచెం వెనక్కి వెళతాను, ఎందుకంటే చార్లీ రాక్ డ్రమ్మర్‌గా మొదలవలేదు. చివరిదాకా ఆయన మనసు జాజ్ మీదే.

1941లో లండన్‌లో పుట్టాడు. కుర్రతనంలో ఒక బాంజో కొనుక్కుని, అది నచ్చక మెడ ఊడదీసేశాడు. మిగిలిన గుండ్రటి భాగాన్ని స్టాండు మీద పెట్టి, డ్రమ్స్‌కి వాడే సన్నటి తీగల బ్రష్‌లతో స్నేర్‌లా వాయించేవాడు. జాజ్ సంగీతకారుడు జెర్రీ మల్లిగన్ రికార్డులో డ్రమ్మర్ చికో హ్యామిల్టన్ బ్రష్‌ల వాయింపు విన్న ప్రభావం అది. బ్రష్‌లతో మొదలుపెట్టినవాడికి మెల్లగా కొట్టడమంటే ఏమిటో ముందే తెలుస్తుంది. అసలైన డ్రమ్ సెట్ తర్వాత వచ్చింది. ఆర్ట్ స్కూల్లో చదివి గ్రాఫిక్ డిజైనర్‌గా ఉద్యోగం చేశాడు. అలెక్సిస్ కోర్నర్ బ్లూస్ బృందంలో వాయించాక, 1963 జనవరిలో స్టోన్స్‌లో చేరాడు.

ఆ జాజ్ ఆయన ఎడమ చేతిలో కనిపిస్తుంది. కర్రని సుత్తిలా పట్టుకోడు, అరచెయ్యి పైకి తిప్పి వేళ్ల సందున పట్టుకుంటాడు. సెట్ కూడా చూడండి: కాలితో కొట్టే ఒక బేస్ డ్రమ్, ఒక స్నేర్, రెండు టామ్‌లు (గుమ్మని మోగే డ్రమ్ములు), కొన్ని సింబల్స్ (తాళాలు). స్టేడియంలో వేలమంది ముందు కూడా ఆ పాత గ్రెచ్ కంపెనీ సెట్టే. చుట్టూ కోట కట్టినట్టు డ్రమ్ములు పేర్చుకునే రోజుల్లో కూడా దాన్ని మార్చలేదు. ఆ పట్టుదలంటే నాకు ఎంత గౌరవమో చెప్పలేను.

ఇంకొక విషయం. 1967 నుంచి టూర్లలో తాను పడుకున్న ప్రతి హోటల్ మంచాన్నీ స్కెచ్ వేసుకునేవాడు. పాటలో కూడా అదే మనిషి. మంచం ఉన్నది ఉన్నట్టు గీస్తాడు, పాటకి కావలసింది కావలసినంత వాయిస్తాడు.

జవాబు (టేప్‌రీల్)

నా ఓటు "స్ట్రీట్ ఫైటింగ్ మ్యాన్"కి (1968). కీత్ తన అకూస్టిక్ గిటార్‌ని చిన్న క్యాసెట్ రికార్డర్‌లోకి, సౌండ్ పగిలిపోయేంత గట్టిగా ఎక్కించాడు. చార్లీ వాయించింది పెట్టెలో మడిచి పెట్టుకునే 1930ల నాటి బుల్లి ప్రాక్టీసు సెట్. ఆ రెంటినీ కలిపితే వచ్చిన శబ్దం వినండి, వీధంతా కదిలొస్తున్నట్టు ఉంటుంది. ఖరీదైన సెట్ ఉంటేనే సౌండ్ వస్తుందనేవాళ్లకి నేను ఇదే పెడతాను.

జవాబు (సెకండ్‌లైన్)

ఎవరైనా "యు కాంట్ ఆల్వేస్ గెట్ వాట్ యు వాంట్" పెట్టమంటారేమో, వద్దు. పాట గొప్పదే, కానీ 1969 రికార్డులో డ్రమ్స్ వాయించింది చార్లీ కాదు, జిమ్మీ మిల్లర్. ఆ గ్రూవ్ (బీట్ ఊపు) చార్లీకి చేతికి రాకపోతే మిల్లర్ కూర్చుని వాయించేశాడు. మామూలు డ్రమ్మర్ అయితే మళ్లీ ఆ పాట జోలికి పోడు. చార్లీ మాత్రం ఏళ్లతరబడి స్టేజీ మీద దాన్ని వాయించాడు.

అన్నిటికన్నా నాకు ఎక్కువగా గుర్తుండేది 2020 ఏప్రిల్. లాక్‌డౌన్‌లో స్టోన్స్ నలుగురూ ఎవరిళ్లలో వాళ్లు ఉండి, ఆన్‌లైన్ కచేరీలో ఇదే పాట వాయించారు. చార్లీ ముందు డ్రమ్స్ లేవు. సామాను పెట్టెలనీ సోఫా చేతినీ డ్రమ్స్ అనుకుని, కర్రలతో వాయిస్తున్నట్టు చేశాడు. ముఖం నిండా నవ్వు. మరుసటేడు 2021 ఆగస్టు 24న పోయాడు, ఎనభై ఏళ్లకి. ఆ వార్త తెలిశాక నేను ముందు చూసింది ఆ వీడియోనే.

ప్రశ్న అడిగినవారు (బ్రష్‌స్టిక్)

అందరికీ చాలా థ్యాంక్సండీ. రిమ్‌షాట్ గారూ, మీరు చెప్పినట్టే సౌండ్ ఆపి వీడియో చూపించాను. మావాడు నోరు మెదపకుండా చూశాడు. తర్వాత "బీస్ట్ ఆఫ్ బర్డెన్" పెడితే, మధ్యలోనే గిటార్ అందుకుని వాయించడం మొదలుపెట్టాడు. ఒప్పుకున్నానని మాత్రం అనలేదు! కుడి చెయ్యి లేపడం నాకింకా టెన్షన్‌గానే ఉంది, స్నేర్ దగ్గర శరీరం మొత్తం బిగుసుకుపోతోంది. చివరి రోజుల్లో ఆయన ఎలా వాయించేవాడో వినాలని ఉంది. ఏది వినమంటారు?

జవాబు (రిమ్‌షాట్)

బిగుసుకుపోతుంటే వేగం బాగా తగ్గించండి. హైహ్యాట్ మీద కర్ర మొనతోనే తాకండి, భుజం కదలకూడదు.

చివరి రోజులంటే, మొదట 2016లో వచ్చిన "బ్లూ అండ్ లోన్‌సమ్" ఆల్బమ్ వినండి. అంతా పాత బ్లూస్ పాటలే. 2015 డిసెంబర్‌లో లండన్ స్టూడియోలో మూడు రోజుల్లో రికార్డు చేశారు. అప్పటికి చార్లీకి 74 ఏళ్లు. 1960ల్లో క్లబ్బుల్లో వాయించిన సంగీతానికి తిరిగి వచ్చినవాడి సుఖం అందులో వినిపిస్తుంది.

స్టోన్స్‌తో ఆయన చివరి కచేరీ 2019 ఆగస్టు 30న మయామీ దగ్గర జరిగింది. 2021 టూర్‌కి తాను రాలేనని తెలిశాక, తన చోట వాయించమని డ్రమ్మర్ స్టీవ్ జోర్డన్‌ని ఆయనే అడిగాడు. సెప్టెంబర్‌లో సెయింట్ లూయిస్‌లో ఆ టూర్ మొదలైనప్పుడు, ఖాళీ స్టేజీ మీద ముందు డ్రమ్ బీట్ ఒక్కటే వినిపించింది. వెనక తెర మీద చార్లీ ఫోటోలు వేశారు. ఆ తర్వాతే బ్యాండ్ వచ్చింది.

2023 నాటి "హ్యాక్నీ డైమండ్స్" ఆల్బమ్‌లో రెండు పాటల్లో ఆయన డ్రమ్స్ ఉన్నాయి: "మెస్ ఇట్ అప్", "లివ్ బై ద స్వోర్డ్". రెండోదాంట్లో బిల్ వైమన్ బేస్ వాయించాడు, ఎల్టన్ జాన్ పియానో. స్టోన్స్ నుంచి వెళ్లిపోయిన ఇన్నేళ్లకి వైమన్ మళ్లీ చార్లీ పక్కన చేరిన పాట అది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒకసారికి మిగతావన్నీ వదిలేసి ఆ బేస్, డ్రమ్స్ రెండే వినండి.