యూబీఈ2ఎల్3 (ఒక ఈ2 ఎంజైమ్)తో అస్సే (ల్యాబ్ టెస్ట్) వర్కవుట్ అవ్వట్లేదు, ఎవరైనా చెప్తారా?

జెల్‌రాజు: రింగ్ టైప్ ఈ3 (యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ని ఈ2 నుంచి వేరే ప్రోటీన్లకి తగిలించే ఎంజైమ్) మీద ఇన్ విట్రో అస్సే పెడుతున్నా, ఫ్రీజర్‌లో రికాంబినెంట్ హ్యూమన్ యూబీఈ2ఎల్3 ఉంటే అదే వాడేశా, ఈ1 (యుబిక్విటిన్‌ని ఈ2కి ఎక్కించే ఎంజైమ్), యుబిక్విటిన్, ఏటీపీ, మెగ్నీషియం అన్నీ ఉన్నాయి, 37 డిగ్రీల్లో గంటసేపు పెట్టినా జెల్‌లో పైన స్మియర్ (యుబిక్విటిన్ గొలుసులు కట్టాయని చూపే మరక) లేదు. ఎంజైమ్ చచ్చిపోయిందంటారా?

ఈ2_పిచ్చోడు: బానే ఉండొచ్చు బ్రో, జోడీ కుదర్లేదంతే. ఎల్3 యుబిక్విటిన్‌ని సిస్టీన్‌కి ఇస్తుంది గానీ నేరుగా లైసిన్‌కి ఇవ్వదు (రెండూ అమైనో ఆమ్లాలే). హెక్ట్‌లకీ, పార్కిన్ లాంటి ఆర్‌బీఆర్‌లకీ (ఇవి వేరే రకం ఈ3లు) మధ్యలో యుబిక్విటిన్‌ని అందుకునే సిస్టీన్ ఉంటుంది కాబట్టి వాటితో నడుస్తుంది, మామూలు రింగ్‌కి అది లేదు కదా. యూబీఈ2డీ3 అనే ఇంకో ఈ2 ట్రై చెయ్, చాలా రింగ్‌లతో పనిచేస్తుంది.

బఫర్‌బామ్మ: కరెక్టే, కానీ ట్యూబ్ పారేయకండి బాబూ. ఈ3 లేకుండా కాసేపు పెట్టి, సగం శాంపిల్ డీటీటీ (థయోఎస్టర్ బంధాన్ని తెంచే కెమికల్) లేని బఫర్‌లో, సగం డీటీటీతో రన్ చేయండి, మొదటి లేన్‌లో ఈ2 కంటే 8.5 కిలోడాల్టన్లు పైన బ్యాండ్ వచ్చి రెండోదాంట్లో మాయమైతే ఈ2 తన సిస్టీన్ మీద యుబిక్విటిన్‌తో థయోఎస్టర్ బంధం కట్టినట్టే, అంటే ఎంజైమ్ బతికే ఉంది. మరిగించొద్దు.

జెల్‌రాజు: థాంక్సండీ. డీ3తో స్మియర్ వస్తే కే48 గొలుసులే (యుబిక్విటిన్‌లోని 48వ లైసిన్ మీద కట్టేవి) అనుకోవచ్చా?

ఈ2_పిచ్చోడు: అస్సలొద్దు, డీ3 ఏ లైసిన్ దొరికితే దానిమీద కట్టేస్తుంది 😄 కచ్చితంగా కే63 కావాలంటే యూబీఈ2ఎన్, యూబీఈ2వీ1 రెండూ కలిపి వెయ్యి.