మోకాళ్ల నొప్పుల గ్రూప్ క్లాస్: విద్యార్థి మొదట పాఠం చెప్పాలా, వ్యాయామం చేయించాలా?

క్లినికల్_ట్యూటర్: ఫైనల్ ఇయర్ బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) వాళ్లు పది మంది మోకాలి అరుగుదల పేషెంట్లకు 40 నిమిషాల క్లాసు తీసుకోవాలి. వాళ్లు రాసే ప్లాన్‌లో సగం సమయం కీలు నిర్మాణానికి, అరుగుదల ఎంతుందో చెప్పే ఎక్స్‌రే గ్రేడ్లకే పోతోంది. వ్యాయామం వంతు వచ్చేసరికి పేషెంట్లు గడియారం చూస్తుంటారు. కుర్చీలోంచి లేపడంతోనే మొదలుపెట్టి, చెప్పాల్సింది మధ్యలో చెప్పించాలంటాను. ఏమంటారు?

ఓపీ_ఫిజియో: ఒప్పుకోను సార్. "గుజ్జు అరిగిపోయింది, కదిపితే ఇంకా అరుగుతుంది" అన్న భయంతోనే చాలామంది వస్తారు. ఆ భయం తీయకపోతే మన ముందు చేస్తారు, ఇంటికెళ్లి మానేస్తారు. మోకాలి, తుంటి అరుగుదల ఉన్నవాళ్ల కోసం డెన్మార్క్‌లో 2013లో మొదలైన గ్లాడ్ (GLA:D) పద్ధతిలో కూడా రెండు అవగాహన క్లాసులు పెట్టారు. వారానికి రెండు చొప్పున ఆరు వారాల వ్యాయామం వేరే.

క్లినికల్_ట్యూటర్: అక్కడ పన్నెండు వ్యాయామ క్లాసులున్నాయి మేడమ్, ఇక్కడ చేతిలో ఉన్నది ఒక్కటే. భయం తీయాల్సిందే, దానికి ఐదు నిమిషాలు చాలు. నొప్పికి సున్నా నుంచి పది దాకా అంకె వేయమంటే ఐదు దాటకూడదు, 24 గంటల్లో మళ్లీ మామూలు స్థాయికి రావాలి. అంకెలు చెప్పలేని పెద్దవాళ్లకు "ఓర్చుకోగలిగినంత, తెల్లారేసరికి సర్దుకునేంత" అంటే సరిపోతుంది. ఈ మాట మొదటి ఐదుసార్లు లేచి కూర్చున్నాక చెబితే, అప్పుడే అనుభవించిన నొప్పితో పోల్చుకుంటారు.

అసలు తప్పు లక్ష్యం రాయడంలో ఉంది. "పేషెంట్లకు అవగాహన కలుగుతుంది" అని రాస్తే కలిగిందో లేదో ఎలా చూస్తాం? "క్లాసు అయ్యేలోపు ప్రతివాళ్లూ అవసరమైతే ఒక చేతి ఊతంతో ఐదుసార్లు లేవాలి, నొప్పి పెరిగితే ఏం తగ్గించాలో సొంత మాటల్లో చెప్పాలి" అని రాయమనండి. నిమిషాలు వాటంతటవే సర్దుకుంటాయి.

జెరియాట్రిక్_పీటీ: వరస ఏదైనా, ప్లాన్‌లో కుర్చీ సంగతి ఉండాలి. సీటు ఎత్తు సుమారు 43 సెంటీమీటర్లు. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద వెనక్కి జారుతుంది, గోడకు ఆనించాలి. లేవలేనివాళ్లకు సీటు మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచాలి. పాదాలు మోకాళ్లకంటే ముందుకుంటే లేవలేరు, కాస్త వెనక్కి లాక్కోమనాలి. మోకాళ్లు లోపలికి పడిపోతున్నాయా, ఊపిరి బిగబడుతున్నారా అన్నది పక్క నుంచి తిరుగుతూ చూసే రెండో విద్యార్థి పని. ముందు నిలబడి చూపించేవాళ్లు పక్కకు తిరిగి చూపించాలి, లేకపోతే కుడి ఎడమలు తారుమారవుతాయి.

పడుకుని కాలెత్తే వ్యాయామం గ్రూప్‌లో వద్దు. కింద పడుకున్నవాళ్లు లేవడానికి ఒక్కొక్కరికి ఒకరు కావాలి. కుర్చీలోనే కాలు చాపి 5 సెకన్లు ఆపడం, పదిసార్లు. మొదట్లోనే కీలు వేడిగా, వాచి ఉన్నవాళ్లను, కొత్తగా ఛాతీ నొప్పి వచ్చినవాళ్లను పక్కకు తీసి డాక్టర్‌కు చూపించాలి.

ఓపీ_ఫిజియో: ఐదు నిమిషాలకు ఒప్పుకుంటాను, కానీ అవి మొదటివే కావాలి. ఎక్స్‌రేలో అరుగుదలకూ నొప్పికీ చాలాసార్లు పొంతన ఉండదన్న ఒక్క మాట, సరైన మోతాదులో కదిలిస్తే కీలు పాడవదన్న మరొక్క మాట. అంతకుమించి అక్కర్లేదు.

ఇంకొకటి. "అర్థమైందా?" అంటే అందరూ "ఆఁ" అంటారు. "ఇంటికెళ్లి మీ కోడలికి ఎలా చూపిస్తారు, ఒకసారి చేయండి" అని అడిగితే తేలిపోతుంది. దీనికి పది మందికి ఎనిమిది నిమిషాలన్నా పడుతుంది. విద్యార్థులు రెండే రాస్తారు.

క్లినికల్_ట్యూటర్: ఆ ఎనిమిది నిమిషాలు ఎక్కడి నుంచి తెస్తారన్నదే నా వాదన మేడమ్. గ్రేడ్లు తీసేస్తేనే దొరుకుతాయి. మొదటి మాట విషయంలో మాత్రం నేను ఇంకా కుర్చీ వైపే. బాసింపట్టు వేయొచ్చా, ఇండియన్ టాయిలెట్ వాడొచ్చా అన్న ప్రశ్నలు ఎలాగూ వస్తాయి, వాటికి జవాబు ప్లాన్‌లో ముందే రాసుకుని రావాలి: నొప్పి పెంచే భంగిమల్ని కొన్నాళ్లు తగ్గించి, బలం వచ్చేకొద్దీ కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టమని.