ఆఫర్ పెడితే జనం కొట్టుకు అలవాటు పడతారా, ఆఫర్‌కు అలవాటు పడతారా?

పాతూరు బట్టలకొట్టు (అనంతపురం)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం పాతూరులో చీరలు, రెడీమేడ్ బట్టల కొట్టు. తాత పెట్టింది, ఇప్పుడు నాన్న, నేను చూసుకుంటున్నాం. ఊళ్లోకి పెద్ద షోరూములు వచ్చాక మేం కూడా ఉగాదికి, దసరాకు, సంక్రాంతికి 20 శాతం తగ్గింపు మొదలుపెట్టాం. మొదటి ఏడాది కొట్టులో నిలబడటానికి చోటు లేదు. మూడేళ్లు తిరిగేసరికి పండగ వారం తప్ప మిగతా రోజుల్లో బోణీకే మధ్యాహ్నం అవుతోంది.

మొన్న మా పాత కస్టమర్ ఒకామె వచ్చింది. మా అమ్మ వయసుంటుంది. మెంతిరంగు చీర తీయించుకుని, కొంగు విప్పి చూసి, అంచు వెనకవైపు వేలితో తడిమింది. నచ్చిందని ముఖంలోనే తెలుస్తోంది. అంతలో మళ్లీ తనే మడతపెట్టి, "ఆఫర్ ఎప్పుడు పెడతావు నాయనా?" అని అడిగి వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చెల్లెలు ఎంబీఏ చదువుతోంది. తగ్గింపు తీసేసి స్క్రాచ్ కార్డులు పెడదామంటుంది. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతికే ఎక్కువ అలవాటు పడతారని, పావురాల మీద ప్రయోగాలు చేసిన స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పాడట. నాన్నేమో, "జనం పావురాలు కాదు, సరుకు చూసి వస్తారు, అన్నీ ఆపేయ్" అంటున్నాడు. దసరా సరుకుకు ఆర్డరివ్వాలి. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

డీఎస్సీ అభ్యర్థి (కర్నూలు)

అన్నా, మీ చెల్లెలు చెప్పింది నిజమే. పావ్లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ సుల్తాన్. ఇవి మాకు సైకాలజీ బిట్లలో రోజూ ఎదురయ్యేవే. పావ్లోవ్ గంట కొట్టి కుక్కకు తిండి పెట్టాడు. కొన్నాళ్లకు తిండి లేకపోయినా గంట వింటే చాలు, దానికి లాలాజలం ఊరింది. మీ కొట్టు ముందు కట్టే ఎర్ర బ్యానరే ఆ గంట. నిబంధనం, అంటే ఒక గుర్తుతో అలవాటు ముడిపడటం, ఏర్పడింది చీరతో కాదు, బ్యానర్‌తో. ఎలాగూ అలవాటు చేశారు కాబట్టి ఇప్పుడు దాన్ని స్క్రాచ్ కార్డు వైపు మళ్లించండి. నా ఓటు చెల్లెలికే.

మార్కెటింగ్ పాఠాలు (కడప)

డిగ్రీ కాలేజీలో ఈ సబ్జెక్టు చెబుతాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

తమ్ముడూ, బ్యానర్‌ను పావ్లోవ్ గంటతో పోల్చడంలో ఒక చిక్కుంది. కుక్కకు లాలాజలం దానంతటదే ఊరుతుంది. అది చేసే పనేమీ లేదు. ఇక్కడ మనిషి ఇల్లు కదిలి, బస్సెక్కి, డబ్బు తీసి ఇస్తేనే తగ్గింపు దక్కుతుంది. చేసిన పనికి ఫలితం దక్కడం స్కిన్నర్ చెప్పిన కార్యసాధక నిబంధనం. ఆ ఫలితం ఎప్పుడు దొరుకుతుందో తెలిపే గుర్తు మాత్రమే బ్యానర్. పావ్లోవ్ పద్ధతి కనిపించేది ప్రకటనల్లో. సబ్బు పక్కన అందమైన ముఖం, టీపొడి పక్కన నవ్వుతున్న కుటుంబం పదేపదే చూపిస్తారు. వాటి మీద మనకున్న ఇష్టం మెల్లగా సరుకు మీదికి పాకుతుంది. పసిపిల్లాడికి తెల్ల ఎలుకంటే భయం నేర్పిన వాట్సన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1920లో యూనివర్సిటీ వదిలి న్యూయార్క్‌లో జె. వాల్టర్ థాంప్సన్ అనే ప్రకటనల కంపెనీలో చేరాడు. అంటే ఈ సిద్ధాంతాలు మార్కెట్‌లోకి వచ్చి నూరేళ్లు దాటింది.

ఇక అసలు సంగతి. 1957లో ఫెర్‌స్టర్, స్కిన్నర్ కలిసి పావురాల మీద వేల గంటల ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. గింజ కచ్చితంగా ఇంత సమయానికి ఒకసారి దొరుకుతుందని తెలిస్తే పావురం ఏం చేస్తుందో చూడండి. గింజ తిన్నాక ఊరుకుంటుంది. సమయం దగ్గరపడే కొద్దీ మీట మీద టకటకా పొడుస్తుంది. గింజ పడగానే మళ్లీ ఊరుకుంటుంది. గీత గీస్తే కొడవలి వంపులు వరసగా పేర్చినట్టు ఉంటుంది. మీ మూడేళ్ల అమ్మకాలను నెలవారీగా కాగితం మీద గీయండి, అదే వంపు కనపడుతుంది. ఉగాది, దసరా, సంక్రాంతి అని తేదీలు మీరే ఇచ్చారు, వాళ్లు నేర్చుకున్నారు. చీర మడతపెట్టి వెళ్లిపోయిన ఆమె తప్పేమీ లేదు. మీరు నేర్పిన పాఠాన్నే మీకు అప్పజెప్పింది.

స్క్రాచ్ కార్డు పెడితే ఈ వంపు పోతుంది. ఎన్నిసార్లకు ఒకసారి వస్తుందో తెలియని బహుమతికి పావురం ఆగకుండా పొడుస్తుంది. మీ చెల్లెలు చెప్పింది అదే. కానీ అప్పుడు బలపడేది గీకే అలవాటు. రేపు పక్క కొట్టువాడు ఇంకా పెద్ద కార్డు పెడితే అక్కడికెళ్లి గీకుతారు.

ధర్మవరం మగ్గం

సార్, మీ మాటలు చదువుతుంటే బాధేసింది. మేం నాలుగు తరాలుగా పట్టు నేస్తున్నాం. పెళ్లి చీర కొనేవాళ్లను పావురాలతో పోల్చడం నేను ఒప్పుకోను.

మా ఇంటికి చీర కోసం వచ్చే తల్లులను చూడండి. ముందు చీరను వెలుతురులోకి తీసుకెళ్తారు. అంచు తిరగేసి, లోపలివైపు దారాలు ఎలా ముడిపడ్డాయో చూస్తారు. తర్వాత కొంగు చివర నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగిస్తారు. నిజమైన పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి ఉండ అవుతుంది. ఈ పరీక్ష ఆమెకు ఏ కంపెనీ నేర్పలేదు. వాళ్లమ్మ చేస్తుంటే పక్కన కూర్చుని చూసింది. ఇప్పుడు ఆమె కూతురు చూస్తోంది. ఎదురుగా ఏ బహుమతీ లేదు, గంటా లేదు. చూసి నేర్చుకోవడం, ఆలోచించి తేల్చుకోవడం, రెండూ ఉన్నాయి. మీ సిద్ధాంతాల్లో దీనికి చోటెక్కడ?

మార్కెటింగ్ పాఠాలు (కడప)

చోటుంది. 1961లో బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం సరిగ్గా దీని గురించే. పెద్దవాళ్లు ఒక బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు, ఎవరూ ఏమీ ఇవ్వకపోయినా, తర్వాత ఆ బొమ్మను అచ్చం అలాగే కొట్టారు. చూడటమే పాఠమైంది. పట్టు చీర విషయంలో మీ మాటే నిజం. వేలు పోసి ఎప్పుడో ఒకసారి కొనేదానికి మనిషి బుర్ర పెడతాడు. అగ్గిపెట్టె కొనేటప్పుడు పెట్టడు. పాతూరు అన్న కొట్టులో ఈ రెండు రకాల సరుకూ ఉంది, అందుకే ఒకే సిద్ధాంతంతో పని జరగదు. పావురం మాట మీ మనసు నొప్పించి ఉంటే క్షమించండి.

రైతుబిడ్డ (గుంతకల్లు)

మగ్గం అన్న మాటకు నాదొకటి కలుపుతాను. మా నాన్న శెనక్కాయ విత్తనం మార్చిన తీరు చూస్తే ఆఫర్లకు ఎంత బలముందో తెలుస్తుంది. మా వైపు టీఎంవీ-2 రకం ఏళ్ల తరబడి వేశారు. కదిరి పరిశోధన కేంద్రం నుంచి కే-6 వచ్చినప్పుడు మా నాన్న పట్టించుకోలేదు. సబ్సిడీ అన్నా కదల్లేదు. ఒక ఏడాది పక్క చేనాయన వేశాడు. కోతకు ముందు నాన్న గట్టు దాటి వెళ్లి, ఆయన్ని అడిగి ఒక చెట్టు పీకాడు. మన్ను దులిపి కాయలు లెక్కపెట్టాడు. ఇటు వచ్చి మన చేలో ఒక చెట్టు పీకి మళ్లీ లెక్కపెట్టాడు. ఏమీ మాట్లాడలేదు. మరుసటి ఖరీఫ్‌కు విత్తనం మారింది.

తర్వాత వ్యవసాయ విస్తరణ పాఠాల్లో అమెరికాలోని అయోవా గురించి చదివినప్పుడు నాన్నే గుర్తొచ్చాడు. అక్కడి మొక్కజొన్న రైతుల మీద ర్యాన్, గ్రాస్ అనే ఇద్దరు 1943లో ప్రచురించిన పరిశోధన అది. హైబ్రిడ్ విత్తనం గురించి రైతులు ఎక్కువగా మొదట విన్నది సేల్స్‌మెన్ నోటి నుంచే. వేద్దామని మనసు మార్చుకున్నది మాత్రం పక్క రైతును చూసి. పాతూరు అన్నా, మీ బ్యానర్ సేల్స్‌మన్ లాంటిది. మీ దగ్గర చీర కొన్నామె వీధిలోకి కట్టుకొస్తే, అది పక్కచేను.

డీఎస్సీ అభ్యర్థి (కర్నూలు)

అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. మనకు తెలియకుండానే అలవాటు పడతామని రుజువులున్నాయి. 1982లో గోర్న్ అనే ఆయన విద్యార్థులకు పెన్నుల బొమ్మలు చూపించి వెనక సంగీతం వినిపించాడు. నచ్చిన సంగీతంతో చూసినవాళ్లలో 79 శాతం తాము బొమ్మలో చూసిన రంగు పెన్నే తీసుకున్నారు. నచ్చని సంగీతంతో చూసినవాళ్లలో 30 శాతమే తీసుకున్నారు. పెన్ను అదే, సిరా అదే.

మార్కెటింగ్ పాఠాలు (కడప)

ఆ ప్రయోగంలో "నచ్చని సంగీతం" ఏమిటో తెలుసా? మన భారతీయ శాస్త్రీయ సంగీతం. నచ్చినది ఒక హాలీవుడ్ సినిమా పాట. అదే ప్రయోగం త్యాగరాజ ఆరాధనకు వచ్చినవాళ్ల మీద చేస్తే అంకెలు తిరగబడేవేమో. పెన్ను పక్కన ఏం పెట్టామన్నది కాదు, వినేవాడు అంతకుముందు ఏం నేర్చుకుని వచ్చాడన్నది ముఖ్యం. పైగా 1989లో కెల్లారిస్, కాక్స్ ఇదే ప్రయోగాన్ని జాగ్రత్తగా మళ్లీ చేస్తే ఆ ప్రభావం కనిపించలేదు. పరీక్షలో గోర్న్ పేరు రాయండి, మార్కులొస్తాయి. కొట్టులో డబ్బు మాత్రం దాని మీద పెట్టకండి.

ఇద్దరు పిల్లల తల్లి (ప్రొద్దుటూరు)

అన్నలు, సార్లు ఎంతసేపూ ఏది పనిచేస్తుందనే మాట్లాడుతున్నారు. పనిచేస్తే చేసేయొచ్చా? ఫోన్లో ఒక షాపింగ్ యాప్ ఉంది, తెరవగానే చక్రం తిరుగుతుంది. మా పెద్దోడు తొమ్మిదేళ్లవాడు, కొనడానికి ఏమీ లేకపోయినా రోజూ పొద్దున లేవగానే ఆ చక్రం తిప్పాలని నా ఫోన్ లాక్కుంటాడు. రాకపోతే ఏడుస్తాడు. సార్ చెప్పిన పావురం మా ఇంట్లోనే ఉంది. 2023 నవంబరులో కేంద్రం ఇలాంటి మాయలు 13 రకాలు పేర్కొని మార్గదర్శకాలు తెచ్చింది. "ఇంకా రెండే ఉన్నాయి", "పది నిమిషాల్లో అయిపోతుంది" అని అబద్ధపు తొందర పెట్టడం అందులో ఒకటి. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది.

పాతూరు తమ్ముడూ, చీరల కొట్టుకు అమ్మలతో పాటు పిల్లలూ వస్తారు. స్క్రాచ్ కార్డు గీకేది వాళ్లే. దయచేసి వద్దు.

పాతూరు బట్టలకొట్టు (అనంతపురం)

అక్కా, మీ మాట చెల్లెలికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత స్క్రాచ్ కార్డు వద్దని తనే అంది. సార్ చెప్పినట్టు నెలవారీ అమ్మకాలు గీశాం. కొడవలి వంపులే, మూడేళ్లకు తొమ్మిది. నాన్న ఆ కాగితాన్ని గల్లాపెట్టె మీద అంటించాడు.

తగ్గింపు ఆపేస్తున్నాం. ఏం జరుగుతుందో చెప్పండి సార్.

మార్కెటింగ్ పాఠాలు (కడప)

ముందు గట్టిగా అడుగుతారు. దొరికేది ఆగిపోతే పావురం కూడా వెంటనే మానదు, మొదట ఇంకా జోరుగా పొడుస్తుంది. ఆ నెల రెండు నెలలు మీకు కష్టం. అప్పుడు ఎవరో పట్టుబట్టారని ఒక్కరికి తగ్గించారంటే, పట్టుబడితే దొరుకుతుందని కొత్త పాఠం నేర్పినట్టే. అది మాన్పించడం ఇంకా కష్టం. ఇంకొకటి, మూడేళ్లుగా తగ్గించి ఇచ్చిన ధరే జనం మనసులో అసలు ధరగా నాటుకుపోయింది. కాబట్టి పాత ధర మీద మొండిగా కూర్చోకండి. ఏడాదంతా ఇవ్వగలిగే న్యాయమైన ధర ఒకటి వేసి, చీటీ మీద అదే రాయండి.

కావాలంటే ముద్రల కార్డు ఇవ్వండి. కొన్నప్పుడల్లా ఒక ముద్ర, గడులన్నీ నిండితే ఒక బహుమతి. 2006లో న్యూన్స్, డ్రేజ్ అనే ఇద్దరు కార్లు కడిగేచోట 300 కార్డులు పంచారు. సగం కార్డుల్లో ఎనిమిది ఖాళీ గడులు, సగం కార్డుల్లో పది గడులుంటే రెండింటికి ముందే ముద్ర వేసి ఉంది. రెండింట్లోనూ మిగిలింది ఎనిమిదే. ఖాళీ కార్డు పూర్తిచేసినవాళ్లు 19 శాతం, రెండు ముద్రలున్న కార్డు పూర్తిచేసినవాళ్లు 34 శాతం.

ధర్మవరం మగ్గం

కార్డు కంటే ముందు ఫాల్, పికో ఉచితంగా కుట్టించి ఇవ్వు అన్నా. మొదటి ఉతుకులో రంగు దిగితే తిరిగి తీసుకుంటానని చీటీ మీద రాసివ్వు. చీరకు సంబంధించిన మేలు చేస్తే చీర గుర్తుంటుంది.

పాతూరు బట్టలకొట్టు (అనంతపురం)

బ్యానర్ తీసి మూడు వారాలైంది. అమ్మకాలు ఇంకా తక్కువే. రోజుకు పదిమందైనా "తగ్గించవా అప్పా" అంటున్నారు. ఒక్కరికీ తగ్గించలేదు. ఫాల్, పికో మొదలుపెట్టాం, వీధి చివర మిషన్ కుట్టే అక్కకు పని దొరికింది. ముద్రల కార్డుకు నాన్న ఒప్పుకున్నాడు, ముందే వేసే రెండు ముద్రలకు మాత్రం ఒప్పుకోలేదు. కొననిదానికి ముద్ర వేస్తే లెక్క తప్పినట్టేనంటాడు.

నిన్న ఆమె మళ్లీ వచ్చింది. మెంతిరంగు చీర అడిగింది. కొత్త ధర చెప్పాను, ఇక పండక్కీ ఇంతేనని కూడా చెప్పాను. చీటీ తిప్పి రంగు గ్యారంటీ రాసి ఉన్నది చదువుకుంది. "శుక్రవారం కోడల్ని తీసుకొస్తా, పక్కన పెట్టు" అంది.

డీఎస్సీ అభ్యర్థి (కర్నూలు)

శుక్రవారం ఏమైందో రాయండి అన్నా.