ఓసీడీ పిల్లలకు వస్తుందో లేదో జన్యుపరీక్షతో ముందే తెలుస్తుందా?

గోదావరి_గట్టు:
తల్లిదండ్రుల్లో ఒకరికి ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, ఆపుకోలేక చేసిందే చేసే జబ్బు) ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎంతో ఉమ్మి పరీక్షతో చెబుతామంటూ ప్యాకేజీలు అమ్ముతున్నారు. 2025లో దీనికి సంబంధించి జన్యువుల్లో 30 చోట్లు దొరికాయని కూడా చదివాను. వంశపారంపర్యత 50 శాతం అంటే పిల్లల్లో సగం మందికి వస్తుందనా? మెదడులో సంకేతాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం తగ్గడమే అసలు కారణమా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

క్రోమోజోమ్_కబుర్లు:
ముందు ఆ 50 శాతం సంగతి తేల్చుకుందాం, ఎక్కువమంది భయపడేది దానికే. కవలల అధ్యయనాల్లో పెద్దవాళ్లకు సుమారు 27–47 శాతం, చిన్నవయసు లక్షణాలకు 45–65 శాతం అని తేలింది. జనంలో ఒకరికీ ఒకరికీ ఉన్న తేడాల్లో జన్యువుల వాటా ఎంతో అది చెబుతుంది. ఒక బిడ్డకు వచ్చే అవకాశం దాన్నిబట్టి తెలియదు. అందుకు కుటుంబ అధ్యయనాలు చూడాలి. మామూలు జనంలో నూటికి ఒకరిద్దరికి ఓసీడీ ఉంటే, రోగి తోబుట్టువుల్లో, పిల్లల్లో నూటికి సుమారు పదిమందికి కనబడింది. తల్లికో తండ్రికో బాల్యంలోనే మొదలై ఉంటే ఇంకొంచెం ఎక్కువ. అప్పుడు కూడా ఎక్కువమంది పిల్లలకు రాదు.

ఇక ఆ 30 చోట్లు. 2013లో 1,465 మంది రోగులతో చేసిన అధ్యయనంలో అన్నీ కలిపి విశ్లేషిస్తే ఒక్క చోటు కూడా, ఇది కాకతాళీయం కాదని చెప్పే గణాంకాల గీత దాటలేదు. 2025లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చినదానిలో 53,660 మంది రోగులు, 20 లక్షల పైచిలుకు ఇతరులు ఉన్నారు. అంతమందిని పోగేస్తేనే 30 బయటపడ్డాయి. ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది. సుమారు 11,500 తేడాలు కలిస్తే గానీ సాధారణ జన్యుతేడాల వాటాలో 90 శాతానికి లెక్క కుదరదు. పైగా ఓసీడీ వచ్చే అవకాశంలోని తేడాల్లో ఆ మొత్తం వాటాయే 6.7 శాతం. కాబట్టి ఈ ఫలితాలు చూపించి ఎవరైనా పిల్లల జాతకం చెబుతామంటే నమ్మకండి. ఇంకో చిక్కు కూడా ఉంది. నమూనాల్లో దాదాపు అందరూ యూరోపియన్ మూలాలవాళ్లే. వాళ్ల జన్యుతేడాలు కూడి కట్టిన రిస్కు స్కోరు మనవాళ్ల దగ్గర సరిగా పనిచేయదు.

ఆ అధ్యయనం విలువ వేరేచోట ఉంది. ఆందోళన, డిప్రెషన్, అనొరెక్సియా (బరువు భయంతో తిండి మానే జబ్బు), టూరెట్ (ఆపుకోలేని కదలికలు, శబ్దాల జబ్బు)లతో ఓసీడీకి జన్యుపరమైన పొత్తు ఉందని అది చూపించింది.

నాడీ_పాఠం:
సెరటోనిన్ ప్రశ్నకు జవాబు. సెరటోనిన్ మీద పనిచేసే మందులు గుణమిస్తున్నాయి గనక ఆ లోటే కారణమనుకోవడం సరికాదు. జ్వరానికి పారాసిటమాల్ పనిచేసిందని, ఒంట్లో పారాసిటమాల్ తగ్గి జ్వరం వచ్చిందనం కదా.

బలమైన ఆధారాలున్నది మెదడు వలయానికి. మెదడులో కనుగుంటల పైనున్న ముందుభాగం, లోపలున్న కాడేట్, థాలమస్ అనే భాగాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకుంటాయి. ఓసీడీలో ఆ వలయం అతిగా పనిచేస్తుంది. 1992లో లాస్ ఏంజిలస్‌లో మెదడు చురుకు చూపే పెట్ స్కాన్లు తీసి చూస్తే ఫ్లూక్సెటిన్ అనే సెరటోనిన్ మందుతో తగ్గినవాళ్లలోనూ, మందు లేకుండా బిహేవియర్ థెరపీతో తగ్గినవాళ్లలోనూ కాడేట్ చురుకు తగ్గింది. 2007లో సాప్యాప్3 అనే జన్యువు తీసేసిన ఎలుకలు బొచ్చు ఊడి చర్మం పుండయ్యేదాకా ముఖం తోముకుంటూనే ఉన్నాయి. ఆ జన్యువును స్ట్రయాటమ్‌లో (కాడేట్ ఉండే మెదడు భాగం) తిరిగి పెడితే తగ్గాయి. అయితే ఆ ఒక్క జన్యువే మనుషుల్లో కారణమనడానికి ఆధారం లేదు.

గోదావరి_గట్టు:
చాలా స్పష్టంగా చెప్పారండి. మరి జన్యుపరీక్ష దేనికీ పనికిరాదా?

మందుల_చీటీ:
మందు ఎంచుకోవడంలో కొంత పనికొస్తుంది. ఓసీడీకి వాడే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ మందులు శరీరంలో విరగడంలో సీవైపీ2సీ19 ఎంజైముకు పాత్ర ఉంది. అది మందకొడిగా ఉండే రకం దక్షిణాసియావాళ్లలో ఎక్కువ. తక్కువ మోతాదుకే దుష్ప్రభావాలు వస్తుంటే డాక్టర్ ఈ పరీక్ష ఆలోచించవచ్చు. మందు గుణమిస్తుందో లేదో మాత్రం అది చెప్పదు.

మందు పనిచేయలేదని అనుకోవడానికి పెద్ద కారణం తొందర. ఓసీడీకి తరచు డిప్రెషన్ కన్నా ఎక్కువ మోతాదు కావాలి. సెర్ట్రలిన్ అయితే 200 మి.గ్రా. దాకా వెళ్లాల్సి రావచ్చు. సరైన మోతాదుతో 8–12 వారాలు చూడాలి. నాలుగో వారంలో ఆపేస్తే తేలదు. ఓసీడీకే ఇచ్చే క్లోమిప్రమిన్ వాడుతూ, డాక్టరుకు చెప్పకుండా ఫ్లూవోక్సమిన్ అనే ఇంకో మందు కలపకండి. రక్తంలో క్లోమిప్రమిన్ ప్రమాదకరంగా పెరుగుతుంది.

క్రోమోజోమ్_కబుర్లు:
పిల్లల విషయంలో ప్యాకేజీ డబ్బులు మిగుల్చుకుని ఇంట్లోనే రెండు గమనించండి. చేతులు కడగడం, తలుపు, గ్యాస్ సరిచూడడం లాంటివి రోజుకు గంటకు మించి తింటున్నాయా? మధ్యలో ఆపితే విలవిల్లాడుతున్నారా? రెండోది, "గ్యాస్ కట్టేశావా అమ్మా?" అని పదోసారి అడిగితే పదోసారీ జవాబు చెబుతున్నారా? ప్రతి జవాబూ ఆ క్షణానికి ఊరటనిస్తుంది, చక్రాన్ని ఇంకాస్త బిగిస్తుంది. ఈఆర్‌పీ (భయాన్ని ఎదుర్కొంటూ ఆ పనిని ఆపుకోవడం నేర్పే చికిత్స) థెరపిస్ట్ ముందు తల్లిదండ్రులతో మొదలుపెట్టేది ఇక్కడే: ఒకేసారి మానేయించరు, పదిని ఎనిమిదికి తెస్తారు.

ఒకే ఇంట్లో పలువురికి తీవ్ర మానసిక వ్యాధులుంటే, అలాంటి కుటుంబాల మీద బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్, జీవశాస్త్ర పరిశోధన సంస్థలు ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ కలిసి ఏడీబీఎస్ పేరుతో పరిశోధన చేపట్టాయి. అందులో ఓసీడీ కూడా ఉంది. దగ్గర్లో డాక్టర్ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.