నాన్నకి గుండె వాల్వ్ మార్చడానికి టావీనా, ఓపెన్ సర్జరీనా? వైజాగ్‌లో చేయించుకున్నవాళ్లు చెప్పండి

నాన్నగారికి 76 ఏళ్లు, స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యారు, గాజువాకలో ఉంటాం. మేడ మెట్లెక్కితే ఆయాసం, ఈమధ్య కళ్లు తిరిగి పడబోయారు. ఎకో (గుండె స్కాన్)లో అయోర్టిక్ వాల్వ్ (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే కవాటం) దారి 0.7 చదరపు సెంటీమీటర్లే అని వచ్చింది (1 కంటే తగ్గితే తీవ్రమేనట). మందులతో అది తెరుచుకోదు, వాల్వ్ మార్చాల్సిందేనన్నారు డాక్టర్ గారు. ఛాతీ కోయకుండా తొడ రక్తనాళం గుండా కొత్త వాల్వ్ పెట్టే టావీ 2002 నుంచీ ఉన్నదే, దానికి నేను భయపడట్లేదు. కానీ తర్వాత కొందరికి పేస్‌మేకర్ కూడా పెట్టాల్సొస్తుందట. పైగా వాల్వ్ ఖరీదు! చుట్టాలైతే హైదరాబాద్ తీసుకెళ్లమని ఒకటే పోరు.

విశాఖలోనే చేయించుకున్నవాళ్లున్నారా? మొత్తం ఎంతైంది, ఇన్సూరెన్స్ ఎంత ఇచ్చింది? టావీకి ముందు సీటీ స్కాన్ తీయాలి, ఆయనకి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) 1.6 ఉంది, అంటే ఎక్కువే. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి ఆ స్కాన్‌లో రక్తనాళాలు కనబడటానికి ఇచ్చే మందు ఎక్కించేముందు మీ డాక్టర్లు ఏం జాగ్రత్తలు తీసుకున్నారు?