ఉప్పునీటి తొట్టెలో వెంట్రుక నాచు: మాత్ర వేయాలా, నీళ్ళు సరిచేయాలా?

ఉప్పునీళ్ళు_బెజవాడ:
అందరికీ నమస్తే. మాది మొగల్రాజపురం. 200 లీటర్ల రీఫ్ ట్యాంకు (పగడాల తొట్టె) పెట్టి 14 నెలలైంది. జోవాలు, మష్రూములు అనే మెత్తటి పగడపు జీవులు, ఒక లెదర్ పగడం, రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ ఉన్నాయి. సంక్రాంతికి వచ్చిన చుట్టాలంతా దాని ముందే కూర్చున్నారు, అంత బాగుండేది. మార్చి మధ్యలో రాళ్ళ మీద పచ్చటి నూగు మొదలైంది. ఇప్పుడు మే నెల, నూగు కాస్తా రెండంగుళాల జుట్టయింది. జోవాలు దాని కింద ముడుచుకుని తెరుచుకోవడం మానేశాయి. ప్రతి ఆదివారం టూత్‌బ్రష్‌తో గీకి, ట్యూబుతో లాగేస్తున్నా. గురువారానికి మళ్ళీ అంతే.

నాచుకి మేతయ్యే ఫాస్ఫేట్ కిట్‌లో సున్నా, నైట్రేట్ లీటరుకు 2 మిల్లీగ్రాములు వస్తోంది. అంటే నీళ్ళు బాగున్నట్టే కదా? షాపాయన ఫ్లుకొనజోల్ అనే ఫంగస్ మందు మాత్రలు వేయమన్నాడు. ఇంకో మిత్రుడు ఆ పని మాత్రం చేయొద్దన్నాడు. వేయాలా వద్దా? ఇంట్లో ‘ఇది చేపల తొట్టా, గోంగూర మడా’ అని అడుగుతున్నారు.

బ్రాడీపేట_రీఫ్:
నిరభ్యంతరంగా వేసేయండి. నేను పోయినేడాది వేశాను. నాది 240 లీటర్లు. లీటరుకు 5 మిల్లీగ్రాముల లెక్కన 150 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది. నూరి, ట్యాంకు నీళ్ళలోనే కలిపి పోశా. మందుని పీల్చేస్తుందని ఫిల్టర్‌లో కార్బన్ తీసేశా, స్కిమ్మర్ (నురగతో మలినాలు లాగే పరికరం) కప్పు తీసి గాలి మాత్రం ఆడనిచ్చా, 14 రోజులు నీళ్ళు మార్చలేదు. తొమ్మిదో రోజుకి నాచు పాలిపోయింది. పన్నెండో రోజుకి వేలితో తాకితే ఊడొచ్చింది. పగడాలకి, నత్తలకి ఏమీ కాలేదు. అంతకుముందు ఆరు నెలలు గీకీ గీకీ చేతులు పడిపోయాయి. మాత్ర తప్పనేవాళ్ళు ఒక ఆదివారం వచ్చి గీకి చూడండి.

పటమట_పద్మ:
ఆ ట్యాంకు ఇప్పుడెలా ఉంది?

బ్రాడీపేట_రీఫ్:
నాలుగు నెలలు బ్రహ్మాండంగా ఉంది మేడమ్. ఇప్పుడు ఇసుక మీద ఎర్ర పొర కట్టింది, సయనో. అది వేరే విషయం.

పటమట_పద్మ:
వేరే విషయం ఎలా అవుతుంది తమ్ముడూ? చచ్చిన నాచు ఎక్కడికి పోయిందంటారు? చేత్తో తీసింది బయటికి పోయింది. మిగతాది అక్కడే కుళ్ళి, తాను తిన్న నైట్రేట్, ఫాస్ఫేట్ అంతా తిరిగి నీళ్ళలో కక్కింది. సయనో నిజానికి బ్యాక్టీరియా, దాని మీద ఫ్లుకొనజోల్ పనిచేయదు. అద్దెకున్నవాడిని ఖాళీ చేయించారు, ఇల్లు అలాగే ఉంది, ఇంకొకడు దిగాడు.

ఉప్పునీళ్ళు గారూ, మీ కిట్ సున్నా చూపించడం గురించి. హాస్టల్ మెస్సులో తొమ్మిదింటికి ఇడ్లీ గిన్నె ఖాళీగా ఉందంటే ఆ రోజు వండలేదనా? వచ్చినది వచ్చినట్టు నాచు తినేస్తోంది, కిట్‌కి మిగలడం లేదు. అంత జుట్టు పెరుగుతుంటే మేత ఎక్కడి నుంచో అందుతున్నట్టే.

రెండు విషయాలు చెప్పండి. ఆవిరైన నీళ్ళకి బదులు రోజూ ఏ నీళ్ళు పోస్తున్నారు? మార్చిలో ఇంట్లో ఏం మారింది?

ఇంకోటి, కొంచెం నాచు పీకి తెల్లటి పింగాణీ గిన్నెలో నీళ్ళు పోసి వదలండి, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. నడిమి కాడ ఉండి, దానికి అటూ ఇటూ కరివేపాకు రెమ్మలా వరసగా పోగులుంటే అది బ్రయాప్సిస్ అనే మొండి నాచు. కాడలు, కొమ్మలు లేకుండా ఒట్టి దారాల్లా ఉంటే మామూలు వెంట్రుక నాచు. ఈ తేడా తెలియకుండా మాత్ర గురించి మాట్లాడుకోవడం దండగ.

ఉప్పునీళ్ళు_బెజవాడ:
వంటింట్లో ఆర్‌ఓ ఉంది మేడమ్, ఆ నీళ్ళే. అది పాడైన వారం మాత్రం ప్లాంటు నుంచి టిన్ను తెప్పించాం. మార్చిలో మారింది ఒకటే, ఎండ. చిల్లర్ కొనే స్తోమత లేక నీళ్ళ మీదికి రెండు ఫ్యాన్లు పెట్టా. 27 దాటకుండా లాక్కొస్తున్నాయి. కాకపోతే రోజుకి 5 లీటర్లు ఆవిరైపోతోంది.

లంక_రొయ్య:
మాది రేపల్లె వైపు, వనామీ రొయ్యల చెరువులు. మీ అద్దాల తొట్టెల గురించి నాకు పెద్దగా తెలియదు, నాచు గురించి మాత్రం తెలుసు. మాత్ర వేస్తానంటున్న తమ్ముడు ఒకటి గుర్తుపెట్టుకో. చెరువులో పచ్చరంగు ఒక్కసారిగా పడిపోతే మాకు ఆ రాత్రి నిద్ర ఉండదు. చచ్చిన నాచు కుళ్ళడానికి ఆక్సిజన్ లాగేస్తుంది, తెల్లవారుజామున నాలుగింటికి రొయ్య పైకి తేలుతుంది. ఏరేటర్లు ఆపకుండా తిప్పుతాం. అసలే వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. ఈ మే నెలలో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియనప్పుడు, నాచంతా ఒకేసారి చంపుతావా? చంపితే ముందు ఇన్వర్టర్ మీద ఎయిర్ పంపు పెట్టుకో.

మేత ఎవరు వేస్తున్నారు? మేం చెక్‌ట్రే (మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం) చూసి, మిగిలితే తరవాతి పూట తగ్గిస్తాం. మీవాళ్ళు అదేం చూడరు, వేస్తూనే ఉంటారు. నీళ్ళ కంటే ముందు అది చూడండి.

అయినా ఈ ఆర్‌ఓ, ఉప్పు ప్యాకెట్ల గోల ఎందుకు? సూర్యలంక వెళ్ళి నాలుగు క్యాన్లు సముద్రపు నీళ్ళు పట్టుకొస్తే సరిపోదా?

పటమట_పద్మ:
మొదటి రెండూ నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటా అన్నగారూ. మూడోదే కుదరదు. వానాకాలంలో కృష్ణ నీళ్ళు వచ్చి కలిస్తే మన ఒడ్డున ఉప్పదనం పడిపోతుంది, ఒండ్రు, పొలాల ఎరువు అన్నీ ఉంటాయి. మీ చెరువుల నీళ్ళు కూడా కాలవల్లోంచి అక్కడికే కదా వచ్చేది! పగడానికి ఉప్పదనం వెయ్యికి 35 పాళ్ళ దగ్గర నిలకడగా ఉండాలి. వారానికో రకం నీళ్ళు పోస్తే నాచు సంగతి తరవాత, లెదరే ముందు పోతుంది.

ఇప్పుడు 5 లీటర్ల లెక్క. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, అందులో ఉన్నవన్నీ తొట్టెలోనే ఉండిపోతాయి. రోజుకి 5 చొప్పున 60 రోజులంటే 300 లీటర్లు. మీ తొట్టే 200. అంటే ఒకటిన్నర తొట్టెల వంటింటి నీళ్ళ మడ్డి మీ పగడాల మధ్య కూర్చుంది. ఇళ్ళలో పెట్టే ఆర్‌ఓల్లో చాలావాటికి టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల మొత్తం) కంట్రోలర్ అని చిన్న మర ఉంటుంది. రుచి కోసం మామూలు నీళ్ళు కొన్ని ఆర్‌ఓ పొరలోకి పోనివ్వకుండా పక్క నుంచి తెచ్చి మళ్ళీ కలుపుతుంది. తాగడానికి మంచిదే, తొట్టెకి కాదు.

బ్రాడీపేట_రీఫ్:
టీడీఎస్‌లో ఎక్కువ భాగం సున్నం, ఉప్పు మేడమ్. వాటిని నాచు తినదు. ఊరికే భయపెట్టకండి.

పటమట_పద్మ:
నిజమే, ఎక్కువ భాగం అవే. కానీ 200 లీటర్లలో ఫాస్ఫేట్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము కావాలంటే ఎంత కావాలి? 20 మిల్లీగ్రాములు. చిటికెలో చిటికె. టీడీఎస్ మీటర్ ఆ చిటికెని విడిగా చూపించదు, అందుకే సున్నా దగ్గరున్న నీళ్ళు వాడమనేది.

మందులషాపు_గుంటూరు:
నాది వేరే బాధ. ఫ్లుకొనజోల్ మనుషుల ఫంగస్ మందు, డాక్టర్ చీటీ మీద ఇవ్వాల్సింది. చేపలకని ఎనిమిది మాత్రలు అడిగితే ఇచ్చేవాళ్ళుంటారని తెలుసు, నేనివ్వను. అది నీళ్ళలో త్వరగా నశించిపోయే మందు కాదు. మీరు ట్యాంకు నీళ్ళు కాలవలో పారబోస్తే అక్కడున్న ఫంగస్ ఆ మందుకి అలవాటు పడుతుంది. వేసి తీరాలనుకుంటే, కోర్సు అయ్యాక యాక్టివేటెడ్ కార్బన్ కొన్ని రోజులు తిప్పి, అప్పుడు నీళ్ళు మార్చండి.

బ్రాడీపేట_రీఫ్:
కార్బన్ మాట ఒప్పుకుంటా, నేను వాడాను కూడా. కానీ ‘న్యూట్రియెంట్స్ తగ్గించు’ మంత్రం వల్ల మునిగినవాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరేం? నా మొదటి ట్యాంకులో జీఎఫ్ఓ (ఫాస్ఫేట్‌ని పీల్చే ఇనుప గుళికలు) దట్టించి, మేత కోసి, ఫాస్ఫేట్, నైట్రేట్ రెండూ నిజంగానే సున్నాకి తెచ్చా. నాచు పోయింది. దాని బదులు డైనోలు (డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు) వచ్చాయి, గోధుమరంగు జిగురు, బుడగలు, నత్తలు చచ్చాయి. అవి పోవడానికి మళ్ళీ నేనే నైట్రేట్ కొని పోయాల్సి వచ్చింది. బ్రయాప్సిస్ అయితే మీ శుభ్రమైన నీళ్ళలో కూడా హాయిగా పెరుగుతుంది. పూర్వం దానికి మెగ్నీషియం లీటరుకు 1600 మిల్లీగ్రాముల దాకా ఎక్కించేవాళ్ళు, అప్పుడప్పుడూ పనిచేసేది. ఇప్పుడు మాత్ర ఉంది. ఉన్న మందు వాడుకోవడంలో తప్పేముంది?

పటమట_పద్మ:
కరివేపాకు రెమ్మ కనిపిస్తే నేనే వేయమంటా. అందుకే గిన్నెలో చూడమన్నది. సున్నా చేయమని నేనెక్కడా అనలేదు. ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య, నైట్రేట్ 5 చుట్టూ ఉంటే పగడాలూ బతుకుతాయి, డైనోలూ రావు.

ఉప్పునీళ్ళు_బెజవాడ:
ఆదివారం మొత్తం దీనికే సరిపోయింది. గిన్నెలో చూశా. రెమ్మలు లేవు, ఒట్టి దారాలు. టీడీఎస్ మీటర్ తెప్పించి ముంచితే మా వంటింటి ఆర్‌ఓ 68 చూపించింది, అంటే లీటరుకు 68 మిల్లీగ్రాములు. నేను పదో పదిహేనో అనుకున్నా. 300 లీటర్లకి 20 గ్రాములు. కాఫీ చెంచాతో కొలిచి తొట్టెలో వేసినట్టు ఊహించుకుంటే కడుపులో తిప్పింది.

లంక అన్నగారి చెక్‌ట్రే మాట కూడా నిజమే. నేను ఉదయం వేస్తున్నా. నాన్నగారు పూజ అయ్యాక ‘పాపం మూగజీవాలు’ అని ఇంకోసారి. అమ్మాయి స్కూల్ నుంచి వచ్చాక మూడోసారి. ఒకరు వేసింది ఇంకొకరికి తెలియదు. డబ్బా బీరువాలో పెట్టా. నాన్నగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మాత్ర ప్రస్తుతానికి వేయడం లేదు. డీఐ రెసిన్ (మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే గుళికలు) ఉన్న చిన్న ఆర్‌ఓ సెట్ ఆర్డర్ చేశా.

పటమట_పద్మ:
గీకడం ఆపకండి. ట్యాంకులో గీకితే ముక్కలు పక్క రాయికి అంటుకుంటాయి. వీలైన రాయి బయటికి తీసి, బకెట్లో ట్యాంకు నీళ్ళు పోసి అందులో పీకండి. గీకిన చోట టర్బో నత్తలు నాలుగు వదలండి. రెండంగుళాల జుట్టుని అవి ముట్టుకోవు, పొట్టిగా ఉంటేనే మేస్తాయి. నత్త తినడం లేదని తిట్టేవాళ్ళంతా ఇక్కడే పొరబడతారు.

ఉప్పునీళ్ళు_బెజవాడ:
ఆరు వారాల తరవాత రాస్తున్నా. కొత్త నీళ్ళు మీటర్‌లో సున్నా. మధ్య రాయి దాదాపు శుభ్రం, జోవాలు సగం తెరుచుకున్నాయి. ఎడమ మూల రాయి మీద ఇంకా ఉంది, అది మొదట్లో చవగ్గా కొన్న ఎండు రాయి. వింత ఏంటంటే ఇప్పుడు కిట్‌లో ఫాస్ఫేట్ 0.06 కనిపిస్తోంది.

పటమట_పద్మ:
వింతేం లేదు, తినేవాళ్ళు తగ్గారు. ఆ ఎండు రాయి తనలో పట్టి ఉంచుకున్న ఫాస్ఫేట్ కొన్ని నెలలు వదులుతూనే ఉంటుంది. దాన్ని మాత్రం వారం వారం పీకుతూ ఉండండి.

బ్రాడీపేట_రీఫ్:
వానలు పడ్డాయి, ఫ్యాన్లు ఆగాయి, ఆవిరి తగ్గింది, అందుకే నాచు తగ్గింది. వచ్చే రోహిణి కార్తెలో చూద్దాం. నేనైతే రెండు వారాల్లో తేల్చేవాణ్ణి, మీరు ఆరు వారాలు పీకారు. మాత్ర మీద నా మాట మారలేదు.

ఆ మీటర్ ఎంతకి వచ్చింది?