పోలీసులకు ఏటా తప్పనిసరి కౌన్సెలింగ్: అవసరమా, మొక్కుబడి తంతా?

మనోరమణ: పోలీసు శాఖలో పై నుంచి కింది దాకా అందరూ ఏడాదికోసారి సైకాలజిస్టు దగ్గర కూర్చోవాలని రూలు పెట్టాలి. ఇష్టమైతే రండి అంటే ఒక్కరూ రారు, వచ్చినవాడి మీద 'తేడా మనిషి' అన్న ముద్ర పడుతుంది. అందరూ వెళ్తే ఆ గొడవే ఉండదు. మీరేమంటారు?

రాత్రిడ్యూటీ: నాది పద్దెనిమిదేళ్ళ సర్వీసండీ. నాకు కావాల్సింది నిద్ర. 17 గంటలు మేలుకున్నవాడి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరులా ఉంటుందని 1997లోనే తేల్చారు. బందోబస్తుల్లో మాకు 17 గంటలంటే సగం పూటే. పైగా అదే కళ్ళతో తాగి నడిపేవాళ్ళని పట్టుకోవాలి! ముందు వారానికో ఆఫ్ ఇవ్వండి, మనసు సంగతి తర్వాత చూద్దాం.

మనోరమణ: నిద్రలేమి వేరు, బర్నౌట్ వేరు. పని ఒత్తిడికి మనిషి పూర్తిగా అలసి, విసిగిపోవడం అది. బర్నౌట్ ఒక జబ్బు, దానికి చికిత్స కావాలి.

తూకంరాయి: జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఆరోగ్య సమస్యల వర్గీకరణ ఐసీడీ-11లో దాన్ని 'వృత్తి సంబంధ దృగ్విషయం' అంది. జబ్బుల్లో చేర్చలేదు.

మనోరమణ: పేరేదైతేనేం సార్?

తూకంరాయి: పేరులోనే ఉంది అంతా. జబ్బంటే లోపం మనిషిలో ఉన్నట్టు. అక్కడ రాసింది, పనిచేసే చోట దీర్ఘకాలంగా ఉండి, సరిదిద్దని ఒత్తిడి అని. ఎవర్ని సరిదిద్దాలో చెప్పండి.

కొత్తబ్యాచ్: మా దగ్గర యోగా క్లాసు పెట్టారు. నైట్ దిగొచ్చినవాళ్ళకి. పొద్దున ఆరింటికి. 🙏

మనోరమణ: వెటకారాలు ఆపండి. శవాలు చూసొచ్చిన కుర్రాళ్ళని ఊరికే ఇంటికి పంపేద్దామా?

తూకంరాయి: అలాంటప్పుడు అందర్నీ ఒకసారి కూర్చోబెట్టి చెప్పించినంత మాత్రాన, ఘోరం చూశాక మనసుని వదలకుండా పీడించే జబ్బు పీటీఎస్‌డీ ఆగదని వైద్య అధ్యయనాలన్నీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2002 నాటి సమీక్షలో ఉంది. చెప్పాలనిపించనివాడితో బలవంతాన చెప్పించకూడదు.

మనోరమణ: మీ ఇద్దరికీ అసలు కౌన్సెలింగంటేనే చులకన. మీలాంటి సీనియర్ల వల్లే కుర్రాళ్ళు నోరు విప్పరు.

రాత్రిడ్యూటీ: నోరు విప్పానమ్మా నేను! ఒక యాక్సిడెంట్లో చిన్నపిల్లను చేతుల మీద మోశాను. తర్వాత నెల్లాళ్ళు నిద్ర పట్టలేదు. శాఖ పెట్టిన కౌన్సెలర్‌కి అదే చెప్పాను, ఇంకేమీ అనలేదు. వారం తిరగకుండా నా ఆయుధం స్టోరులో పెట్టించి, నన్ను రికార్డుల గదికి మార్చారు. ఎందుకో నాకెవరూ చెప్పలేదు గానీ, టీ తెచ్చే కుర్రాడికి కూడా తెలుసు. చులకనట!

మనోరమణ: ...అది ముమ్మాటికీ తప్పు. కానీ నేను ఈ కౌన్సెలింగ్ పనిలోనే ఉన్నాను కాబట్టి అడుగుతున్నా. తుపాకీ ఉన్న మనిషి నా ఎదురుగా కూర్చుని చచ్చిపోవాలనుంది అంటే, నేనెవరికీ చెప్పకూడదా?

రాత్రిడ్యూటీ: చెప్పండి, చెప్పి తీరాలి. నిద్ర పట్టట్లేదు అన్నవాడి సంగతి? ఏది పైకి పోతుందో, ఏది ఆ గదిలోనే ఆగుతుందో కూర్చోకముందే కాగితం మీద రాసివ్వండి. ఆ కాగితం లేకుండా మీరు తప్పనిసరి చేస్తే, అందరం వచ్చి 'బాగున్నాం సార్' అని వెళ్తాం.

తూకంరాయి: ఆ కౌన్సెలర్‌కి జీతమిచ్చేదీ, మన ప్రమోషన్ రాసేదీ ఒకే ఆఫీసైతే కాగితం ఉన్నా నమ్మను.

కంట్రోల్‌రూమ్3: ఇంతసేపూ యూనిఫామ్ వాళ్ళ గురించే. మేం గుర్తున్నామా? ఫోన్లో ఒకామె అరుస్తుంటే లైన్ తెగిపోయింది, బండి పంపాను. ఆమె బతికిందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు, చెప్పేవాళ్ళు లేరు. తర్వాతి కాల్ అప్పటికే మోగుతోంది. నా దగ్గర లాక్కోడానికి ఆయుధం కూడా లేదు కాబట్టి కాబోలు, నన్నెవరూ కౌన్సెలింగ్‌కి పిలవలేదు.

రాత్రిడ్యూటీ: నిజమేనమ్మా. బండిలో వెళ్ళేది మేమే, తిరిగొచ్చి మీకు ఒక్క మాట చెప్పొచ్చు. నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

మనోరమణ: నేను అడిగిన 'తప్పనిసరి' మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఆ కాగితం ముసాయిదా రాయడానికి ఎవరైనా వస్తారా?

కొత్తబ్యాచ్: నైట్ దిగాక అయితే వస్తా. ఆరింటికి మాత్రం కాదు.